వాడేసిన పల్లాడియం క్యాటలిస్ట్‌ను ఎక్స్‌పీఎస్‌కు పంపేముందు జాగ్రత్తలు

ఎక్స్‌పీఎస్ అంటే ఎక్స్‌రేలు పంపి, క్యాటలిస్ట్ (ఉత్ప్రేరకం) పైపొరలో ఏ మూలకాలు ఏ రూపంలో ఉన్నాయో చూసే పరీక్ష. జీడిమెట్ల, పటాన్‌చెరు యూనిట్ల నుంచి తార్నాక వైపు ల్యాబులకు శాంపిల్ పంపేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు ప్రాణం. హైడ్రోజనేషన్‌లో (హైడ్రోజన్ కలిపే చర్యలో) వాడిన పల్లాడియం కార్బన్ (కార్బన్ పొడి మీద పట్టించిన పల్లాడియం) ఫిల్టర్ మీద ఎండిపోతే, గాలి తగలగానే దానంతటదే అంటుకోవచ్చు. పక్కన మిథనాల్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నైట్రోజన్ కిందే వడకట్టండి, ఫిల్టర్ మీద మిగిలిన ముద్దను (కేక్) తడిగా ఉంచండి. డబ్బా మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయండి.

• గాలి ఉన్న ఓవెన్‌లో ఆరబెట్టొద్దు. లోహం ఆక్సైడ్ అయిపోతుంది. అది రియాక్టర్‌లో అయిందో ఓవెన్‌లో అయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

• ఎక్స్‌పీఎస్ చూసేది పైపైన 10 నానోమీటర్ల లోపే. ఒక్క వేలిముద్ర చాలు, గ్రాఫ్‌లో సోడియం, క్లోరిన్ పీక్‌లు (శిఖరాలు) వచ్చేస్తాయి. సిలికాన్ గ్రీజు అసలే తగలనివ్వకండి.

• పోల్చి చూడటానికి అదే లాట్‌లోని వాడని, తాజా క్యాటలిస్ట్ కూడా పంపండి. నా దృష్టిలో ఇది తప్పనిసరి.

• క్యాటలిస్ట్‌ను సల్ఫర్ పాడుచేసిందన్న అనుమానం ఉంటే ముందే చెప్పండి, ఎక్కువసేపు స్కాన్ చేస్తారు. సుమారు 162 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్, శక్తి కొలత) దగ్గర పీక్ వస్తే సల్ఫైడ్, 168 దగ్గరైతే సల్ఫేట్.

• ఆక్సిజన్ 1ఎస్ పీక్ మీదే పల్లాడియం 3పీ పీక్ పడుతుంది (1ఎస్, 3పీ అంటే ఎలక్ట్రాన్ ఏ కక్ష్యలోంచి వచ్చిందో చెప్పే పేర్లు), దాన్ని ఒక్కటే నమ్మొద్దు.

• పల్లాడియం కణాలు అతుక్కుని పెద్దవయ్యాయా అన్నది తేలాలంటే టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పరీక్ష) కూడా అడగండి.