లూప్ తిరుగుతుండగానే లిస్టు మారితే వచ్చే మెమరీ బగ్‌ను ఎలా సరిచేయాలి?

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణం కోసం నేను సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రాం ఏడాదిలో ఎక్కువ రోజులు బాగానే నడిచేది. మిర్చి సీజన్‌లో, యార్డు నిండా బస్తాలు దిగిన రోజుల్లో మాత్రం ఉన్నట్టుండి మూసుకుపోయేది. తక్‌పట్టీ (తూకం, ధర, రావాల్సిన డబ్బు రాసిచ్చే చీటీ) కోసం రైతు ఎదురుగా నిలబడి ఉంటే మళ్లీ మొదటి నుంచి లాట్లు ఎక్కించాల్సి వచ్చేది. పొద్దున్నే బండి కట్టుకొని వచ్చిన మనిషిని నా తప్పు వల్ల నిలబెట్టానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఈ బగ్‌ను పట్టుకునే పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

తప్పంతా ఒకే లూప్‌లో ఉంది. ఆ రోజు లాట్ల వెక్టర్‌ను (వాటిని పక్కపక్కన పేర్చి ఉంచే లిస్టును) మొదటి నుంచి చూస్తూ కాంటా (తూకం) అయిపోయినవాటిని తీసేయడం, రెండు రకాల సరుకు కలిసిన లాటును విడదీసి కొత్త లాటుగా చివర చేర్చడం, రెండూ అందులోనే చేశాను.

బస్తాల వరుసను లెక్కపెడుతూ మీరు ఐదో బస్తా దగ్గరికి వచ్చారనుకోండి. హమాలీ దాన్ని ఎత్తుకెళ్లి, మిగిలినవాటిని ఖాళీ లేకుండా ముందుకు జరిపాడు. ఆరోది ఐదో చోటుకు వచ్చింది. మీరు ఆరో చోటుకు వెళ్తే అక్కడ ఉన్నది ఏడో బస్తా. ఆరోది లెక్కలోకి రానేలేదు. వెక్టర్‌లో ఒకదాన్ని ఎరేజ్ చేసి (తీసేసి), ఇటరేటర్‌ను, అంటే లూప్ ఇప్పుడు ఎక్కడుందో చూపే గుర్తును, ఒకటి పెంచితే సరిగ్గా ఇదే జరుగుతుంది. తీసేసింది చివరి లాటే అయితే ఇంకా ప్రమాదం. ఇటరేటర్ అప్పటికే ముగింపు దగ్గర ఉంటుంది, ఒకటి పెంచగానే దాన్ని దాటిపోతుంది. ముగింపు వచ్చిందా అనే పరీక్ష ఇక నెగ్గదు. లూప్ మనది కాని మెమరీలోకి నడుస్తూ పోతుంది.

చేర్చడం వల్ల వచ్చే బగ్ రోజుకో రకంగా కనిపిస్తుంది. మెమరీలో తనకున్న చోటు నిండిపోతే వెక్టర్ వేరే పెద్ద చోటు తీసుకొని, అన్నిటినీ అక్కడికి మార్చి, పాత చోటును వదిలేస్తుంది. మన ఇటరేటర్ మాత్రం పాత చోటునే చూపిస్తూ ఉంటుంది. జీసీసీ అనే కంపైలర్‌తో వచ్చే లైబ్రరీలో ఒక్కొక్కటిగా చేరుస్తూ పోతే ఈ చోటు 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపవుతుంది. 16 లాట్లున్నప్పుడు 17వది చేరిస్తే చోటు మారుతుంది. 20 ఉన్నప్పుడు 21వది చేరిస్తే మారదు. నా దగ్గర పరీక్షించినప్పుడు కూలని ప్రోగ్రాం మార్కెట్‌లో కూలడానికి కారణం ఇదే.

ఇక సరిచేసే పని.

1. బగ్‌ను కావాలని రప్పించండి. అసలు డేటా అంతా అక్కర్లేదు. పక్కపక్కన రెండు లాట్లు తీసేయాల్సినవి, చివరిది తీసేయాల్సింది, అన్నీ తీసేయాల్సినవి, సరిగ్గా 16 దగ్గర ఒకటి చేర్చాల్సింది, ఇలా నాలుగు చిన్న పరీక్షలు రాయండి. ఈ బగ్ ఎక్కువగా ఈ నాలుగింటిలోనే బయటపడుతుంది.

2. జీసీసీ లేదా క్లాంగ్ కంపైలర్‌లో అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులను పట్టే సాధనం) ఆన్ చేసి, డీబగ్ సమాచారంతో మళ్లీ కంపైల్ చేసి నడపండి. వదిలేసిన మెమరీని ముట్టుకుంటే 'హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ' అని చూపించి అక్కడే ఆపేస్తుంది. ఆ రిపోర్టులో మూడు భాగాలుంటాయి: ఎక్కడ ముట్టుకున్నారు, ఎక్కడ వదిలేశారు, మొదట ఎక్కడ తీసుకున్నారు. అందరూ మొదటి భాగంలోని లైన్‌నే పట్టుకొని కూర్చుంటారు. నేనూ రెండు రోజులు అక్కడే తిరిగాను. దోషం ఉండేది రెండో భాగంలో. నా విషయంలో అక్కడ లాటు చేర్చే ఫంక్షన్ పేరు కనిపించింది.

ఒక జాగ్రత్త. వెక్టర్‌లో ఎరేజ్ చేసినప్పుడు చోటు అలాగే ఉంటుంది, తిరిగి వెళ్లిపోదు. అందువల్ల శానిటైజర్ ఊరుకోవచ్చు. అలాంటప్పుడు జీసీసీ లైబ్రరీలోని డీబగ్ మోడ్‌తో కూడా నడపండి. చెల్లని ఇటరేటర్‌ను వాడగానే అది పట్టుకుంటుంది.

3. లిస్టును మార్చేది ఎవరో వెతకండి. లూప్‌లోనే కనిపిస్తే అదృష్టం. చాలాసార్లు లూప్ ఒక ఫంక్షన్‌ను పిలుస్తుంది, అది ఇంకోదాన్ని పిలుస్తుంది, చివరిది అదే లిస్టు నుంచి ఏదో తీసేస్తుంది. ఆ లిస్టును మార్చే ప్రతి చోటునూ ఎడిటర్‌లో వెతికి, లూప్ నుంచి అక్కడికి దారి ఉందేమో చూడండి.

4. పనిని బట్టి మార్గం ఎంచుకోండి. తీసేయడమే అయితే ఎరేజ్ తిరిగి ఇచ్చే ఇటరేటర్‌ను తీసుకొని అక్కడి నుంచి సాగండి. తీసేయనప్పుడు మాత్రమే ఒకటి పెంచండి. అంతకన్నా మంచిది లూప్ రాయకుండా ఉండటం: సీ ప్లస్ ప్లస్ 20లో షరతుకు సరిపోయినవాటన్నిటినీ ఒకేసారి తీసేసే ఎరేజ్ ఇఫ్ ఉంది, పాత వెర్షన్లలో రిమూవ్ ఇఫ్ తర్వాత ఎరేజ్ వాడాలి. పెద్ద వెక్టర్‌లో ఇదే వేగం కూడా, ఎందుకంటే ఒక్కోటి తీసేసినప్పుడల్లా మిగిలినవన్నీ జరపాల్సిన పని ఉండదు. చేర్చడమైతే కొత్తవాటిని వేరే వెక్టర్‌లో పెట్టుకొని, లూప్ అయిపోయాక కలపండి.

మార్పు వేరే ఫంక్షన్లలో దాగి ఉంటే, తీసేయాల్సినదానికి గుర్తు మాత్రం పెట్టి, లూప్ ముగిశాక ఒకేసారి తొలగించండి. లిస్టుకు కాపీ తీసి దాని మీద తిరగమని కొందరు చెబుతారు. లిస్టులో ఉన్నవి పాయింటర్లయితే, అంటే వస్తువుల అడ్రస్‌లు మాత్రమే అయితే, అది చాలదు. అసలు వస్తువు డిలీట్ అయ్యాక కూడా కాపీలో దాని పాత అడ్రస్ ఉంటుంది, బగ్ మళ్లీ వస్తుంది.

ముందే వెయ్యి లాట్లకు చోటు రిజర్వ్ చేసి ఊరుకోవడం నాకు అసలు నచ్చని మార్గం. సరుకు ఎక్కువ వచ్చిన రోజున, అంటే మనిషికి ప్రోగ్రాం ఎక్కువ అవసరమైన రోజునే, అది కూలుతుంది.

జావాలో అయితే ఇలాంటి తప్పుకు కంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. పేరు చూసి థ్రెడ్ల (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనుల) కోసం వెతకకండి, ఒకే థ్రెడ్‌లోనూ వస్తుంది. కానీ అర్రే లిస్ట్‌లో చివరి నుంచి రెండోదాన్ని తీసేస్తే ఎక్సెప్షన్ లేకుండానే లూప్ ముగిసి, చివరిది మిగిలిపోతుంది. పైథాన్‌లో డిక్షనరీ సైజు మారితే రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది, లిస్టు మాత్రం నోరు మెదపకుండా ఒకదాన్ని దాటేస్తుంది.

5. దిద్దిన తర్వాత ఆ నాలుగు పరీక్షలను శానిటైజర్‌తో, డీబగ్ మోడ్‌తో విడివిడిగా నడపండి. ఎర్రర్ రాకపోవడం ఒక్కటే చూడకండి, చివరికి మిగిలిన లాట్ల సంఖ్యనూ పోల్చండి. దాటిపోయిన లాటుకు ఏ ఎర్రరూ రాదు, రైతు పట్టీలో మాత్రం తేడా వస్తుంది. ఆ పరీక్షలను ప్రాజెక్టులోనే ఉంచేయండి. నేను ప్రతి జనవరిలో, మిర్చి రాక పెరగక ముందే, వాటిని మళ్లీ ఒకసారి నడుపుతాను.