కెటిల్ అడుగున సున్నం కడితే నిమ్మఉప్పు

మా ఇంట్లో పెద్దదాన్ని నేనొక్కదాన్నే, పైగా సాయంత్రం డ్యూటీ. పిల్లల్ని గ్యాస్ జోలికి పోవద్దన్నాను కాబట్టి టీ నీళ్లు, గుడ్లు, సేమ్యా అన్నీ కరెంటు కెటిల్‌లోనే. నల్గొండ బోరు నీళ్లకు దాని అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఇక నీళ్లు ఎంతకీ కాగవు, పీచుతో తోమితే గీతలు తప్ప పొర రాదు.

కెటిల్‌లో సగానికి నీళ్లు పోసి మరిగించి, స్విచ్ తీసేయండి. అందులో ఒక పెద్ద చెంచా నిమ్మఉప్పు వేయండి. కిరాణా కొట్టులో చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. బుసబుసమని నురగ వస్తుంది, అందుకే నిండా పోయొద్దన్నది. అరగంట ఆగి పారబోస్తే పొర చాలావరకు ఊడి వచ్చేస్తుంది. మొండిగా మిగిలితే ఇంకోసారి. తర్వాత ఉత్త నీళ్లు ఒక వాయి మరిగించి పారబోయాలి. పక్కన పిల్లలుంటే ఓ కన్నేసి ఉంచండి, మా చిన్నోడు నిమ్మరసమనుకొని గ్లాసు పట్టుకొచ్చాడు!

ఇది స్టీలు కెటిల్‌కే, అల్యూమినియం గిన్నెలకు వద్దు. పొర పోయింది కదా అని ఆ బోరు నీళ్లు తాగడానికి వాడకండి. అందులో ఉండే ఫ్లోరైడ్ మరిగించినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇప్పుడు మేం టీకి కూడా మిషన్ భగీరథ (ప్రభుత్వ మంచినీటి పథకం) నల్లా నీళ్లే పడుతున్నాం.