విద్యార్థి మెంటర్ పాఠాలు – 3: బ్యాక్‌లాగులు ఉన్న విద్యార్థితో మొదటి సమావేశం

మొదటి భాగంలో, కళాశాల మనకు అప్పగించిన 20 మంది విద్యార్థుల వివరాలను సెమిస్టర్ ప్రారంభంలోనే ఎలా చదివి పెట్టుకోవాలో చూశాం. రెండవ భాగంలో, విశ్వవిద్యాలయం ముద్రించిన అకడమిక్ రెగ్యులేషన్స్‌లో మెంటర్ తప్పనిసరిగా తెలుసుకోవలసిన పుటలు ఏవో గుర్తించాం. ఆ రెండు పనులూ అవసరమయ్యే సందర్భం ఈ భాగంలో వస్తుంది. రెండవ సంవత్సరంలో ఉండి, నాలుగైదు సబ్జెక్టులు పాస్ కాక మిగిలిపోయి (వీటినే బ్యాక్‌లాగులంటాం), తనను డిటెయిన్ చేస్తారేమోనన్న, అంటే పై సంవత్సరానికి పంపకుండా ఆపేస్తారేమోనన్న భయంతో ఉన్న విద్యార్థితో మొదటిసారి కూర్చోవడం ఎలా అన్నది ఈ పాఠం నేర్పే నైపుణ్యం.

ఉదాహరణకు జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలల్లో అమలైన ఆర్22 (2022లో చేరిన బ్యాచ్ నుంచి వచ్చిన) నిబంధనలను తీసుకుంటున్నాను. కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూల్లో ప్రమోషన్ నిబంధనలు వేరుగా ఉంటాయి, స్వయంప్రతిపత్తి గల కళాశాలలకు సొంత నిబంధనలు ఉంటాయి. పైగా ఒక్కో ఏడాది విశ్వవిద్యాలయం సర్క్యులర్ ద్వారా సడలింపులు ఇస్తుంది. కాబట్టి ఇక్కడి అంకెలను కాక లెక్క వేసే పద్ధతిని నేర్చుకుని, మీ కళాశాలలో ప్రస్తుతం అమలులో ఉన్న పత్రంతో దాన్ని సరిపోల్చుకోండి.

సమావేశానికి ముందు: హాజరు

విద్యార్థి రాకముందే చూడవలసిన మొదటి కాగితం మార్కుల పత్రం కాదు, హాజరు పట్టిక. బ్యాక్‌లాగును తరువాతి సప్లీలో (సప్లిమెంటరీ పరీక్షలో) రాసి తీర్చుకోవచ్చు. హాజరు తగ్గి డిటెయిన్ అయితే మాత్రం ఆ సెమిస్టర్ మళ్లీ వచ్చేదాకా ఆగవలసిందే, అంటే ఒక ఏడాది పోతుంది. మొత్తం హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే తగిన కారణం, ఆధారం చూపి, రుసుము చెల్లించి కండొనేషన్ (హాజరు లోటుకు మన్నింపు) కోరవచ్చు. 65 శాతం కంటే తగ్గితే ఆ అవకాశం కూడా లేదు.

శాతాలను రోజుల్లోకి మార్చి చెప్పితేనే విద్యార్థికి విషయం అందుతుంది. సెమిస్టర్‌కు 90 బోధన దినాలు అనుకుంటే, 75 శాతానికి 68 రోజులు, 65 శాతానికి 59 రోజులు రావాలి. కళాశాల పీరియడ్ల వారీగా లెక్క కట్టినా ఈ అంచనా దాదాపుగా సరిపోతుంది. ‘నీ హాజరు తక్కువగా ఉంది’ అనే మాట విద్యార్థి ఇప్పటికే చాలాసార్లు విని ఉంటాడు. ‘ఇక మిగిలిన 30 రోజుల్లో నువ్వు మానగలిగేది రెండు రోజులే’ అనే మాట ఎవరూ చెప్పి ఉండరు.

క్రెడిట్ల లెక్క

ప్రతి సబ్జెక్టుకూ కొన్ని క్రెడిట్లు ఉంటాయి, పాసైతేనే అవి విద్యార్థి ఖాతాలో చేరతాయి. కంప్యూటర్ సైన్స్ రెండవ సంవత్సరం రెండవ సెమిస్టర్ మొదలుపెట్టిన ఒక విద్యార్థిని ఊహించుకోండి. మొదటి సంవత్సరపు మ్యాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్, అప్లైడ్ ఫిజిక్స్ మిగిలాయి, ఒక్కొక్కటి 4 క్రెడిట్లు. రెండవ సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్, డిజిటల్ ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ మిగిలాయి, ఒక్కొక్కటి 3 క్రెడిట్లు. మొత్తం 17 క్రెడిట్లు పోయాయి. సెమిస్టర్‌కు 20 చొప్పున మూడు సెమిస్టర్లకు 60 క్రెడిట్లలో 43 అతని చేతిలో ఉన్నాయి.

మూడవ సంవత్సరంలోకి వెళ్లడానికి 80లో 60 శాతం, అంటే 48 క్రెడిట్లు కావాలి. ఇప్పటి సెమిస్టర్‌లోని 20 క్రెడిట్లలో 5 సంపాదించినా అతను పైకి వెళ్తాడు. ల్యాబులు, ఒకటి రెండు థియరీ సబ్జెక్టులు పాసైతే ఆ 5 వచ్చేస్తాయి. ‘అయిదు బ్యాక్‌లాగులు, కచ్చితంగా డిటెయిన్ అవుతాను’ అన్న అతని భయం లెక్క ప్రకారం నిలవదు. ఈ సంగతిని సమావేశంలో మొదటి పది నిమిషాల్లోపే అతనికి తెలియజేయాలి, ఎందుకంటే భయంలో ఉన్న పిల్లవాడు ఆ తరువాత మనం చెప్పే ప్రణాళికలో ఒక్క ముక్క కూడా చెవిన పెట్టడు.

అయితే మెంటర్ అక్కడితో ఆగిపోకూడదు. 80లో 48తో ప్రమోట్ అయిన విద్యార్థి 32 క్రెడిట్లు, అంటే దాదాపు పది పేపర్లు, వెంట మోస్తూ మూడవ సంవత్సరంలో అడుగుపెడతాడు. నాలుగవ సంవత్సరానికి 120లో 72 చాలు కాబట్టి, ఆ గడప దగ్గర ఈ భారం 48 క్రెడిట్ల దాకా పెరిగినా నిబంధన అడ్డుపడదు. డిగ్రీ రావడానికి మాత్రం ఇవన్నీ తీరాలి. ప్రాంగణ నియామకాలకు వచ్చే కంపెనీల్లో చాలా భాగం ఆ నాటికి బ్యాక్‌లాగులేవీ ఉండకూడదని షరతు పెడతాయి. నిబంధన దేన్ని అనుమతిస్తుందో, విద్యార్థికి ఏది క్షేమమో ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని అతని కళ్లకు కట్టించడమే మెంటర్ చేయగలిగిన అసలైన మేలని నేను నమ్ముతాను. చాలామంది మెంటర్లు ప్రమోషన్ లెక్క చూసి ‘పరవాలేదు, పైకి వెళ్తావు’ అని పంపించేస్తారు. మూడవ సంవత్సరం చివర్లో అదే విద్యార్థి చేయిదాటిన స్థితిలో తిరిగి వస్తాడు.

సబ్జెక్టు వారీ లెక్క

ఈ పాఠంలో అన్నిటికంటే జాగ్రత్తగా సాధన చేయవలసింది ఇదే. ఆర్22లో ఇంటర్నల్స్ (సెమిస్టర్ సాగుతుండగా కళాశాల వేసే మార్కులు) 40, ఎండ్ సెమ్ (సెమిస్టర్ చివరి) పరీక్ష 60 మార్కులు. పాస్ కావడానికి ఇంటర్నల్స్‌లో 14, ఎండ్ సెమ్‌లో 21, రెండూ కలిపి 40 రావాలి. చాలామంది విద్యార్థులు మొదటి రెండు షరతులే గుర్తుంచుకుంటారు. 14, 21 కలిపితే 35 మాత్రమే, కాబట్టి రెండు కనీస మార్కులూ తెచ్చుకుని కూడా ఫెయిలైనవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

సప్లీ రాసేటప్పుడు ఇంటర్నల్ మార్కులు పాతవే ఉంటాయి. అందుచేత ప్రతి మిగిలిన సబ్జెక్టుకూ ‘ఎండ్ సెమ్‌లో ఇంకా ఎంత కావాలి’ అన్న అంకె ముందే తేలిపోతుంది. 40లోంచి ఇంటర్నల్ మార్కులు తీసివేయాలి. వచ్చినది 21 కంటే తక్కువైతే 21 అని రాసుకోవాలి. ఇంటర్నల్స్‌లో 14 రాని సబ్జెక్టును మాత్రం ఈ లెక్కలో చేర్చకుండా పక్కన పెట్టి, దానికి మీ నిబంధనల్లో ఏ మార్గం ఉందో విడిగా చూడాలి.

మన విద్యార్థి విషయంలో, మ్యాట్రిసెస్‌లో ఇంటర్నల్స్ 15, ఎండ్ సెమ్‌లో వచ్చినవి 17, కావలసినవి 25. ఫిజిక్స్‌లో ఇంటర్నల్స్ 24, వచ్చినవి 19, కావలసినవి 21. డేటా స్ట్రక్చర్స్‌లో ఇంటర్నల్స్ 20, వచ్చినవి 12, కావలసినవి 21. డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంటర్నల్స్ 17, వచ్చినవి 22, కావలసినవి 23. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో ఇంటర్నల్స్ 14, వచ్చినవి 9, కావలసినవి 26.

ఇప్పుడు ఆ అయిదు బ్యాక్‌లాగులు ఒకే రకంగా కనిపించవు. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ఒక్క మార్కుతో, ఫిజిక్స్ రెండు మార్కులతో పోయాయి. ఇలాంటి వాటిలో ఫలితాలు వెలువడిన వెంటనే రీకౌంటింగ్‌కో రీవాల్యుయేషన్‌కో దరఖాస్తు చేయించాలి. ఆ గడువు చాలా తక్కువ రోజులే ఉంటుంది కాబట్టి ఫలితాల రోజున మెంటర్ తన 20 మంది జాబితా ముందు పెట్టుకుని కూర్చోవడం మంచిది. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో 9 నుంచి 26కు చేరాలంటే సబ్జెక్టును మొదటి యూనిట్ నుంచి చదవాలి. దాన్ని వచ్చే సప్లీలోనే తేల్చేయమని ఒత్తిడి చేయడంలో అర్థం లేదు.

క్రమం నిర్ణయించేటప్పుడు దగ్గరలో ఉన్నవాటిని ముందు తీర్చమని చెప్పడం సహజమే గాని, ఒక మినహాయింపు ఉంది. తరువాతి సబ్జెక్టులకు పునాదిగా ఉన్నది కొంచెం దూరంలో ఉన్నా ముందుకు రావాలి. డేటా స్ట్రక్చర్స్ రాకుండా ఆల్గారిథమ్స్ అర్థం కాదు, కంపెనీల రాత పరీక్షల్లో కోడింగ్ ప్రశ్నలు కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. అందువల్ల ఈ విద్యార్థి డిజిటల్ ఎలక్ట్రానిక్స్, ఫిజిక్స్, డేటా స్ట్రక్చర్స్ మూడింటినీ వచ్చే సప్లీకి పెట్టుకుని, మ్యాట్రిసెస్‌ను సెలవుల్లో మొదలుపెట్టి, కంప్యూటర్ ఆర్గనైజేషన్‌ను ఆ తరువాతి సప్లీకి ఉంచుకోవడం సమంజసమని నా అభిప్రాయం. పరీక్షల టైమ్‌టేబుల్‌లో రెగ్యులర్ పేపర్ల మధ్య సప్లీలు ఏ తేదీల్లో పడతాయో చూశాకే ఏ క్రమాన్నైనా ఖరారు చేయాలి.

సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటు) గురించి ఒక్క మాట. 6.0 వస్తే 60 శాతం అనుకునే విద్యార్థులు చాలామంది ఉన్నారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతిలో సీజీపీఏ నుంచి 0.5 తీసివేసి 10తో గుణించాలి, అంటే 60 శాతానికి 6.5 కావాలి. 60 శాతం అడిగే కంపెనీ వచ్చిన రోజున ఈ తేడా తెలియడం కంటే రెండవ సంవత్సరంలోనే తెలియడం మేలు.

సమావేశం

లెక్కంతా మీరు ముందే వేసుకున్నా, దాన్ని పూర్తి చేసి విద్యార్థి చేతిలో పెట్టకండి. ఖాళీ కాగితం, పెన్ను అతనికి ఇచ్చి, మార్కుల పత్రం మధ్యలో ఉంచి, ఒక్కో అంకె అతని చేతే రాయించాలి. తాను స్వయంగా 48 లోంచి 43 తీసివేసి 5 అని రాసిన విద్యార్థికి కలిగే నమ్మకం, మనం చెప్పిన అంకె వల్ల కలగదు. స్టాఫ్ రూమ్‌లో పది మంది ముందు ఈ పని జరగకూడదు. ఖాళీ తరగతి గది గాని, ల్యాబు పక్క గది గాని చూసుకోవాలి.

అడిగే ప్రశ్న విషయంలో శ్రద్ధ అవసరం. ‘ఎందుకు ఫెయిలయ్యావు?’ అని అడిగితే ‘సరిగ్గా చదవలేదు సార్’ అన్న సమాధానమే వస్తుంది. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు, దానివల్ల మనకు తెలిసేది మాత్రం ఏమీ లేదు. దానికి బదులు పరీక్షకు ముందు వారాన్ని గురించి అడగండి.

“ఫిజిక్స్ పరీక్షకు ముందు వారం రోజులు ఎలా గడిచాయి నాన్నా?”

“రూమ్‌లోనే ఉన్నాను సార్. పుస్తకం తీస్తే ఇంగ్లిష్ అర్థం కాలేదు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే.”

“క్లాసులో చెప్పింది అర్థమైందా?”

“సార్ చెప్పేటప్పుడు అర్థమవుతుంది. రాయడానికి వచ్చేసరికి వాక్యం కుదరదు.”

ఈ విద్యార్థికి కావలసింది ఎక్కువ గంటలు చదవడం కాదు, పాత ప్రశ్నపత్రాల్లోని జవాబులను ఇంగ్లిషులో రాసి ఎవరికైనా చూపించడం. మరొకరి విషయంలో పాలిటెక్నిక్ నుంచి ఈసెట్ (డిప్లొమా విద్యార్థుల ప్రవేశ పరీక్ష) ద్వారా నేరుగా రెండవ సంవత్సరంలో చేరి గణితంలో తడబడడం కారణం కావచ్చు, ఇంకొకరు రాత్రిపూట ఎక్కడో పనిచేస్తూ ఉండవచ్చు. కారణం తెలియకుండా ఇచ్చే సలహా వృథా.

ఇంటికి ఫోన్ చేయడం గురించి నా అభిప్రాయం దృఢంగా చెబుతాను. కుటుంబంలో మొదటిసారి ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లల ఇళ్లలో, కాలేజీ నుంచి ఫోన్ వచ్చిందంటే పెద్దలకు గుండె జారిపోతుంది. విద్యార్థికి చెప్పకుండా ఫోన్ చేస్తే అతను మళ్లీ మన దగ్గర నోరు విప్పడు. హాజరు ప్రమాదస్థాయిలో ఉండి ఇంటికి చెప్పక తప్పనప్పుడు, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందుగా అతని చేతే మాట్లాడించి, తరువాత మనం అందుకోవాలి. ‘అమ్మా, మీ అబ్బాయి ఏం చేయాలో మేమిద్దరం కలిసి రాసుకున్నాం, మీకు కూడా చెబుదామని చేశాం’ అని మొదలుపెడితే ఆ తల్లికి ధైర్యం ఉంటుంది.

మాటల్లో నిద్రలేమి, తిండి మానేయడం, ‘నేను లేకపోతేనే ఇంట్లోవాళ్లకు బాగుంటుంది’ వంటి ధోరణి కనిపిస్తే క్రెడిట్ల కాగితం పక్కన పెట్టేయండి. అక్కడ మెంటర్ పని వినడం, ఒంటరిగా వదలకపోవడం, అర్హత ఉన్న కౌన్సెలర్ దగ్గరికి వెంట తీసుకువెళ్లడం. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలి. మీ కళాశాలలో ఆ వ్యక్తి ఎవరో, ఏ గదిలో ఉంటారో ఈ పాఠం చదివిన రోజే తెలుసుకోండి. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇలాంటి స్థితిలో ‘ఎవరికీ చెప్పనని మాటివ్వండి సార్’ అని విద్యార్థి అడిగితే ఆ మాట ఇవ్వకూడదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే చెప్పవలసినవాళ్లకు చెబుతానని, అతనికి తెలియకుండా మాత్రం చెప్పనని అనాలి.

మెంటర్ పుస్తకంలో రాయవలసినవి

తనిఖీ బృందం వచ్చే ముందు రాత్రి నింపిన మెంటర్ పుస్తకం విద్యార్థికి ఎందుకూ పనికిరాదు. సమావేశం ముగిసిన గంటలోపు తేదీ, అప్పటి హాజరు, క్రెడిట్లు, విద్యార్థి తన మాటల్లో చెప్పిన నిర్ణయం, మళ్లీ కలిసే తేదీ రాసి అతని సంతకం తీసుకోండి. ఇంటి గొడవలు, ఆరోగ్యం, అప్పులు ఆ పుస్తకంలో రాయవద్దు, దాన్ని ఎందరో తిరగేస్తారు. తిరిగి కలిసే తేదీ రెండు వారాలు మించకూడదు.

సాధన

నాలుగవ భాగానికి ముందు ఈ లెక్కను కాగితం మీద చేయండి. రెండవ సంవత్సరం రెండవ సెమిస్టర్‌లో ఉన్న ఒక విద్యార్థినికి 4, 4, 3 క్రెడిట్ల సబ్జెక్టులు మూడు మిగిలాయి. వాటిలో ఇంటర్నల్స్ వరుసగా 16, 22, 13. జరిగిన 60 రోజుల్లో ఆమె 40 రోజులు వచ్చింది. ఇంకా 30 రోజులు ఉన్నాయి. ఆమె చేతిలో ఇప్పుడెన్ని క్రెడిట్లు ఉన్నాయి, ప్రమోషన్‌కు ఇంకా కావాలా? ఒక్కో సప్లీలో ఎన్ని మార్కులు రావాలి, మూడవ సబ్జెక్టు సంగతి ఏమిటి? 75 శాతానికి, కండొనేషన్‌కు ఇక ఎన్ని రోజులు రావాలి? ఈ సమాధానాలు వచ్చాక, ఆమెతో సమావేశంలో మీరు ముందుగా ఎత్తవలసిన విషయం ఏదో ఒక్క వాక్యంలో రాయండి. నాలుగవ భాగం ఆ వాక్యంతోనే మొదలవుతుంది.