ప్రోటీన్ డిజైన్‌లో మాస్టర్స్ చేయాలంటే హైదరాబాద్‌లో ఎట్లా మొదలుపెట్టాలి

బీఎస్సీ బయోటెక్, బీఫార్మ్, కెమిస్ట్రీ చదివినోళ్లు చాలామంది అడుగుతుంటారు, కొత్త ప్రోటీన్లు డిజైన్ చేయడం నేర్చుకోవాలంటే ఏ కోర్సులో చేరాలి అని. సరిగ్గా ఆ పేరుతోనే డిగ్రీ ఉందా అని వెతుక్కుంటూ కూర్చుంటే ఏడాది పోతది. మన దగ్గర ఈ చదువు బయోకెమిస్ట్రీ, బయోఇన్ఫర్మాటిక్స్, మెడికల్ బయోటెక్నాలజీ ఇట్లాంటి పేర్ల కింద ఉంటది, కాబట్టి కోర్సు పేరు పక్కన పెట్టి, అక్కడ ప్రోటీన్ స్ట్రక్చర్ మీద పనిచేసే ల్యాబ్ ఉందా, చివరి ఏడాది ప్రాజెక్ట్ ఆ ల్యాబ్‌లో చేయనిస్తారా, ముందు ఈ రెండు కనుక్కోండి.

సిటీలో చోట్లకు కొదవ లేదు. గచ్చిబౌలి వైపు హెచ్‌సీయూలో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీలు ఉన్నాయి, దానికి దగ్గర్లోనే ట్రిపుల్ ఐటీలో బయోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ సెంటర్ ఉంది, లెక్కలూ కోడింగూ ఇష్టమైనోళ్లకు అది బాగుంటది. కందిలో ఐఐటీ, బాలానగర్‌లో ఫార్మా చదువుల నైపర్, తార్నాక దగ్గర ఓయూ. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ రీసెర్చ్ సంస్థలు కాబట్టి వాటిని ప్రాజెక్ట్ కోసం మనసులో పెట్టుకోండి. ఎంట్రన్సులు కూడా వేర్వేరు, సెంట్రల్ యూనివర్సిటీ ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ, ఐఐటీ ఎమ్మెస్సీకి జామ్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) డబ్బిచ్చే బయోటెక్ సీట్లకు గ్యాట్-బీ, ఎంటెక్‌కి గేట్. గేట్ స్కోరుతో ఎంటెక్ సీటొస్తే నెలకు 12,400 స్టైపెండ్ వస్తది, ఇంట్లో డబ్బుకి ఇబ్బంది ఉన్నోళ్లు ఆ దారి ముందు చూస్కోండి. ఏ కోర్సుకి ఏ పరీక్ష అనేది ఏటేటా మారుతుంటది, నోటిఫికేషన్ మీరే చదవండి, వాట్సాప్‌లో వచ్చింది నమ్మి ఊరుకోకండి.

ఇక అసలు చదువు. ప్రోటీన్ అంటే 20 రకాల అమైనో యాసిడ్లు గొలుసులా అతుక్కున్నది. 100 అమైనో యాసిడ్ల చిన్న గొలుసు తీసుకున్నా దానికి ఎన్ని రకాల సీక్వెన్సులు, అంటే అమైనో యాసిడ్ల వరుసలు, సాధ్యమో లెక్కేస్తే ఒకటి తర్వాత 130 సున్నాలు వస్తాయి. అన్నీ చేసి చూడటం ఏ కంప్యూటర్‌కీ, ఏ ల్యాబ్‌కీ అయ్యే పని కాదు. అందుకే ఈ సబ్జెక్ట్‌లో సగం పని ఏవి పనికిరావో ముందే తెలుసుకుని తీసేయడమే, ఆ తెలివి స్ట్రక్చర్లు చూసి చూసి రావాల్సిందే.

దానికి మొదటి మెట్టు మన మద్రాస్‌లోనే పడింది. 1963లో జీఎన్ రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ముగ్గురూ కలిసి, గొలుసు ఏ కోణాల్లో తిరగగలదు, ఏ కోణంలో అణువులు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి అనేది ఒక్క పటంలో చూపించారు. ఈరోజుకీ కొత్త స్ట్రక్చర్ సరిగ్గా ఉందో లేదో చూసేటప్పుడు రామచంద్రన్ ప్లాట్ వేయాల్సిందే. ఇది పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకండి. ప్రోటీన్ స్ట్రక్చర్లు దాచిపెట్టే పీడీబీ వెబ్‌సైట్ నుంచి యుబిక్విటిన్ అనే ప్రోటీన్ దింపుకోండి, కోడ్ 1యూబీక్యూ, 76 అమైనో యాసిడ్లే, స్ట్రక్చర్లు తిప్పి చూసే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, స్టూడెంట్లకు అది ఫ్రీ. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ లాంటి నీళ్లంటే పడనివి ఎక్కువగా లోపలెందుకు దాక్కున్నాయి, లైసిన్లు బయటెందుకు ఉన్నాయి, మలుపు దగ్గర గ్లైసిన్ ఎందుకుంది, ఒక్కోదాన్ని తిప్పి చూసి, దీని బదులు ఇంకోటి పెడితే ఏమవుతది అని నోట్‌బుక్‌లో రాస్కోండి. ఇట్లా నాలుగైదు ప్రోటీన్లు చేసినాక మీ చూపే మారిపోతది, నా మాట నమ్మండి.

తర్వాత థర్మోడైనమిక్స్, అంటే శక్తి లెక్కలు. చాలామంది ఇక్కడ బెదిరి పారిపోతారు, కానీ ఇది లేకపోతే డిజైన్ లేదు. మామూలు ప్రోటీన్ మడత పడి ఉండటానికీ విడిపోవడానికీ తేడా దాదాపు 5 నుంచి 15 కిలోక్యాలరీలు, మోల్‌కి, అంతే. అటు పెద్ద శక్తి, ఇటు పెద్ద శక్తి ఉండి మధ్యలో మిగిలే చిన్న తేడా అది. అందుకే లోపల ఒక్క అమైనో యాసిడ్ తప్పుగా మారిస్తే మొత్తం కూలిపోవచ్చు, సరైన చోట మారిస్తే మొత్తం గట్టిపడొచ్చు. కోవిడ్ స్పైక్ ప్రోటీన్ గుర్తు చేసుకోండి, 1273 అమైనో యాసిడ్లలో 986, 987 స్థానాల్లో రెండు ప్రోలిన్లు పెట్టారు, ప్రోలిన్ తొందరగా వంగదు కాబట్టి స్పైక్ తన ఆకారం మార్చుకోకుండా నిలబడింది, ఫైజర్, మోడర్నా టీకాలు రెండిట్లోనూ ఉన్నది అదే. మన బయోలాజికల్ ఈ వాళ్ల కార్బెవ్యాక్స్‌లో మొత్తం స్పైక్ కాకుండా మన కణానికి అతుక్కునే ఆర్‌బీడీ ముక్క మాత్రమే వాడారు. గొలుసు ఎక్కడ కత్తిరించాలి అన్నది కూడా డిజైన్ నిర్ణయమే.

టూల్స్ సంగతి. 2003లో డేవిడ్ బేకర్ టీమ్ ప్రకృతిలో లేని ఆకారంతో టాప్7 అనే 93 అమైనో యాసిడ్ల ప్రోటీన్ చేసి చూపించింది, 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ఆయనకు, మిగతా సగం సీక్వెన్స్ చూసి ఆకారం చెప్పే ఆల్ఫాఫోల్డ్ చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చింది. ఇప్పుడు చాలామంది వాడే వరుస ఏంటంటే, ఆర్ఎఫ్‌డిఫ్యూజన్ గొలుసు అస్థిపంజరం గీస్తది, ప్రోటీన్ఎంపీఎన్ఎన్ ఆ ఆకారానికి సరిపోయే సీక్వెన్స్ రాస్తది, ఆల్ఫాఫోల్డ్ ఆ సీక్వెన్స్ మళ్లీ అదే ఆకారంలోకి వస్తదా అని చూస్తది. ఇవన్నీ బ్రౌజర్‌లోనే తెరుచుకునే గూగుల్ కొలాబ్‌లో చిన్న సైజులో నడుస్తాయి, ఖరీదైన ల్యాప్‌టాప్ కొననక్కర్లేదు. పైథాన్ కొంచెం రావాలి, దానికి అమీర్‌పేట్‌లో ఫీజు కట్టాల్సిన పనిలేదు, ఇంటర్నెట్‌లో ఉన్న ఫ్రీ పాఠాలు చాలు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే పీఎల్‌డీడీటీ స్కోరు 90 దాటిందంటే ఆ ఆకారం మీద మోడల్‌కి నమ్మకం ఉందని అర్థం, ప్రోటీన్ గట్టిగా ఉంటదనో పని చేస్తదనో కాదు. లోపల ఒక అమైనో యాసిడ్ మార్చి ప్రోటీన్‌ని పాడుచేసినా ఆల్ఫాఫోల్డ్ అదే ఆకారం చూపించొచ్చు.

అందుకే చేత్తో చేయకుండా ఈ మాస్టర్స్ పూర్తి చేయకండి, కంప్యూటేషనల్ కోర్సులో ఉన్నా సరే. కొత్త జీన్ ఆర్డర్ చేయడం ఖర్చు అనుకుంటే, చాలా ల్యాబ్స్‌లో జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) జీన్ ఉన్న ప్లాస్మిడ్, అంటే గుండ్రటి డీఎన్ఏ, ఉంటది, దాంట్లో రెండు ప్రైమర్లతో (చిన్న డీఎన్ఏ ముక్కలు) ఒక్క మార్పు చేయండి. 66వ టైరోసిన్‌ని హిస్టిడిన్ చేస్తే ఆకుపచ్చ పోయి నీలం వెలుగొస్తది, 203వ థ్రియోనిన్‌ని టైరోసిన్ చేస్తే వెలుగు పసుపు వైపు జరుగుతది, ఎందుకంటే ఆ టైరోసిన్ రింగ్ వెళ్లి వెలుగిచ్చే భాగం క్రోమోఫోర్ మీద పేర్చినట్టు కూర్చుంటది. ముందే స్ట్రక్చర్ చూసి ఏమవుతదో రాసిపెట్టుకుని తర్వాత యూవీ కింద చూడండి. బీఎల్21 రకం ఈ-కోలై బ్యాక్టీరియాలో పెంచడం, ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించే ఐపీటీజీ వేయడం, ప్రోటీన్ గడ్డకట్టి అడుగున కూర్చుంటే రాత్రంతా 18 డిగ్రీల దగ్గర పెంచి చూడటం, ప్రోటీన్‌ని వేరుచేసే నికెల్ కాలమ్, అది శుద్ధిగా ఉందో చూసే జెల్, ఇవన్నీ దీంట్లోనే వచ్చేస్తాయి. తర్వాత మీ సొంత డిజైన్ చేసినప్పుడు మడత ఎట్లా ఉందో వెలుతురుతో చూసే సీడీ స్పెక్ట్రమ్ తీయండి, హీలిక్స్ (స్ప్రింగ్‌లా చుట్టుకున్న భాగం) ఉంటే 208, 222 నానోమీటర్ల దగ్గర రెండు పల్లాలు కనబడతాయి.

ల్యాబ్‌లో చోటు అడిగే ఈమెయిల్ చిన్నగా ఉండాలి. గైడ్ ఈమధ్య రాసిన పేపర్ ఒకటి నిజంగా చదివి, దాంట్లో ఒక ప్రోటీన్ తీస్కుని, మీరు ఏ స్థానం మారుస్తారు, ఎందుకు, అది నిలబడిందో లేదో ఏ ప్రయోగంతో తేలుస్తారు, ఈ మూడు ముక్కలు ఒక బొమ్మతో ఒక పేజీలో పెట్టండి, మార్కుల మెమోలు అడిగితే పంపొచ్చు. సెమిస్టర్ సెలవులకు రెండు మూడు నెలల ముందే పంపండి, జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఒకసారి గుర్తు చేయండి, అప్పటికీ రాకపోతే అదే పేజీ ఇంకో గైడ్ పేపర్‌కి తగ్గట్టు మళ్లీ రాసి పంపండి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి కూడా అప్లై చేయండి, దానికి నోటిఫికేషన్ ముందు ఏడాది చలికాలం మొదలయ్యేసరికే వస్తుంటది.