టెక్స్ట్ ఫైల్‌లో వరసలు చెదిరితే

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర నాది డీటీపీ షాపు. మొన్న ఒక ఎర్రగడ్డల వ్యాపారి మెయిల్‌లో వచ్చిన ధరల పట్టిక ప్రింట్ తీయమన్నాడు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే క్వింటాలు ధర వచ్చి బస్తాల లెక్క కింద కూర్చుంది. పాపం, ఆయన ముఖం వాడిపోయింది.

టెన్షన్ పడకండి, ఫైల్ పాడవలేదు. స్పేస్‌లతో సర్దిన ఇంగ్లిష్ పట్టిక నిలవాలంటే అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే ఫాంట్ కావాలి. కన్సొలాస్ గానీ కొరియర్ న్యూ గానీ పెట్టండి. తెలుగు పేర్లుంటే మాత్రం ఇది కుదరదు, పీడీఎఫ్ పంపమనండి.

లైన్లన్నీ కలిసిపోయాయా? లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్) ఫైల్‌లో లైను చివర కంటికి కనిపించని గుర్తు ఒక్కటే ఉంటుంది, పాత నోట్‌ప్యాడ్‌కు రెండు కావాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి.

తెలుగు పిచ్చి గుర్తులుగా కనిపిస్తే ఎన్‌కోడింగ్‌ను, అంటే ఫైల్‌లో అక్షరాలను దాచే పద్ధతిని, యూటీఎఫ్-8కు మార్చి చూడండి.

బోల్డ్, రంగులు మాత్రం టెక్స్ట్ ఫైల్‌లో అసలుండవు. వాటికోసం వర్డ్ ఫైలే అడగండి.