కొత్త ల్యాప్‌టాప్ మూత ఎలా తెరుస్తున్నారు?

నా మొదటి ల్యాప్‌టాప్ రెండేళ్లకే మూలపడింది. లోపల చిప్పులన్నీ బాగానే ఉన్నాయి. విరిగింది హింజ్. తలుపుకి మడతబందులాగా, మూత దాని మీదే తిరుగుతుంది. నేనెప్పుడూ కుడిచేత్తో మూత మూల పట్టుకుని లేపేదాన్ని. అలా లేపితే బరువంతా ఒక పక్క హింజ్ మీదే పడుతుంది. దాని స్క్రూలు పట్టుకుని ఉండేది సన్నటి ప్లాస్టిక్‌ని. అది రోజుకింత చిట్లుతూ వచ్చి, ఒకరోజు టప్‌మంది. స్క్రీన్ అంచు విచ్చుకుపోయింది.

అందుకే మూతని సరిగ్గా మధ్యలో పట్టుకుని, నెమ్మదిగా తెరవండి. మూసేముందు కీబోర్డు మీద ఒకసారి చెయ్యి పోనివ్వండి. చిన్న ఇయర్‌బడ్ ఒక్కటి మిగిలిపోయినా స్క్రీన్ పగిలిపోగలదు. ఎత్తేటప్పుడు స్క్రీన్ పట్టుకోవద్దు, అడుగున రెండు చేతులూ వేయండి.

తర్వాత వేడి. ల్యాప్‌టాప్ తిరగేసి చూడండి, చాలావాటికి అడుగున సన్నటి కన్నాలుంటాయి. ఫ్యాన్ గాలి పీల్చుకునేది అక్కడినుంచే. పరుపు మీద పెడితే అవి మూసుకుపోతాయి. పరుపు మీదే పని చేసుకోవాలంటే కింద గట్టి అట్టో పలకో పెట్టుకోండి. బ్యాగులో పెట్టేముందు షట్‌డౌన్ చేయండి. స్లీప్‌లో ఉంచితే ఒక్కోసారి దానంతటదే మేలుకుని, గాలాడక లోపలే ఉడికిపోతుంది.

రాత్రంతా ఛార్జింగ్‌లో ఉండిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు, నిండాక అదే ఆపుకుంటుంది. కానీ నెలల తరబడి 100 శాతం దగ్గరే, అదీ వేడిలో ఉంచితే లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. ఎక్కువగా ప్లగ్‌లోనే వాడేవాళ్లు సెట్టింగుల్లో 80 శాతం పరిమితి ఉందేమో చూసి పెట్టుకోండి. టచ్‌ప్యాడ్ ఎప్పుడైనా పైకి ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం అది బ్యాటరీ వాపు కావచ్చు. నొక్కి సరిచేయాలని చూడకండి, ఛార్జింగ్ ఆపేసి సర్వీసుకి ఇవ్వండి.

స్క్రీన్ మీద నేరుగా ఏదీ స్ప్రే చేయొద్దు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

కీబోర్డు మీద నీళ్లో కాఫీయో ఒలికితే ముందు ఛార్జర్ పీకేయండి. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. మూత తెరిచే ఉంచి, కీబోర్డు కిందికి వచ్చేలా గుడారంలా బోర్లించండి. హెయిర్ డ్రయర్ వేడి తగలనివ్వొద్దు. కాసేపటికి ఆన్ అవుతుందేమో చూద్దామని చెయ్యి ఊరుకోదు. నొక్కకండి. లోపల తడి ఉండగా కరెంటు పారితే బోర్డు పోతుంది. మెకానిక్ విప్పి చూసేదాకా దాన్ని అలాగే వదిలేయండి.