చెన్నైలో పాత సామాను చవకగా, నమ్మకంగా కొనుక్కోవడం ఎలా?

ఉద్యోగానికో చదువుకో చెన్నైకి వచ్చి వేళచ్చేరిలోనో పెరుంగుడిలోనో అద్దెకు దిగిన కుటుంబానికి, ఇంటి అడ్వాన్సు కట్టేసరికే చేతిలో డబ్బు సగానికి సగం అయిపోతుంది. ఆ తరువాత మంచం, బీరువా, ఫ్రిజ్, గ్రైండరు, పిల్లల బల్ల అన్నీ కొత్తవే కొనాలంటే వాయిదాల మీద కొనక తప్పదు. ఒకరు వాడిన సామాను కొనుక్కోవడం ఇలాంటి సమయంలో నిజంగా ఆదుకుంటుంది. అయితే తక్కువ ధర వేరు, తక్కువ ఖర్చు వేరు. రెండు వేలకు దొరికిన వస్తువును ఇంటికి చేర్చడానికి వెయ్యి, బాగు చేయించడానికి పదిహేను వందలు అయి, అది ఏడాది తిరగకుండానే మూలపడితే, దానిని చవక బేరమని ఎవరూ అనలేరు. అందువల్ల అమ్మేవాడు చెప్పిన ధరకు రవాణాను, మరమ్మతును, కరెంటు బిల్లును కలిపి, ఆ వస్తువు ఎన్నేళ్ళు పనికివస్తుందో అంచనా వేసి, అప్పుడు మాత్రమే బేరానికి దిగాలి.

బయలుదేరే ముందు ఇంట్లోనే చేయవలసిన పని కొంత ఉంది. కావలసిన వస్తువుల జాబితా రాసుకుని, ప్రతి దాని పక్కన ఆ వస్తువు కొత్తది ఇప్పుడు ఎంతకు దొరుకుతోందో రాయండి. ఈ రెండో అంకె తెలియకుండా సంతకు వెళ్ళినవారికి అన్నీ చవకగానే కనిపిస్తాయి. గది కొలతలతో పాటు మెట్ల మలుపు వెడల్పును, వాకిలి వెడల్పును కూడా టేపుతో కొలిచి పెట్టుకోవాలి, ఎందుకంటే పాత టేకు బీరువాలు చాలావరకు విడదీయడానికి వీలుకానివి. గ్యారంటీ లేని వస్తువుకు కొత్త ధరలో సగానికి మించి ఇవ్వకూడదని నా అభిప్రాయం. గట్టి టేకు, రోజ్‌వుడ్ సామానుకు మాత్రమే ఈ నియమాన్ని సడలించవచ్చు.

విదేశాలలో ధర్మసంస్థలు నడిపే దుకాణాలలో ఒకే కప్పు కింద దొరికే పాత సరుకు, ఇక్కడ నగరమంతటా చెదిరి ఉంటుంది. పల్లావరంలో ప్రతి శుక్రవారం జరిగే సంత అన్నింటికంటే విశాలమైనది. మొక్కలు, కూరగాయల మధ్యనే పాత కుర్చీలు, పనిముట్లు, మిక్సీలు, పాత్రలు, సైకిళ్ళు పరచి ఉంటాయి. బీచ్ – తాంబరం లోకల్ రైలులో పల్లావరం స్టేషనులో దిగితే సరిపోతుంది. మంచి సరుకు కావాలంటే ఎండ ముదరక ముందే వెళ్ళాలి. ధర తగ్గాలనుకుంటే, మిగిలిన వాటిని తిరిగి మోసుకుపోవడం ఇష్టంలేని అమ్మకందారుల దగ్గరకు సాయంత్రం వెళ్ళాలి. పాత పుస్తకాలకు సెంట్రల్ స్టేషను దగ్గరి లిల్లీ పాండ్ కాంప్లెక్సుకు వెళ్ళాలి. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయిన తరువాత అక్కడి వ్యాపారులకు చోటు దొరికింది ఇక్కడే. కంప్యూటర్లకు, విడిభాగాలకు మౌంట్ రోడ్డు పక్కన ఉన్న రిచీ స్ట్రీట్ పెట్టింది పేరు. వాహనాల విడిభాగాలు కావలసినవారు పుదుపేటకు వెళతారు. పేటకొకటి చొప్పున ఉండే కాయలాన్ కడలలో, అంటే పాత ఇనుప సామాన్ల కొట్లలో, ఇనుప ర్యాకులు, పోత ఇనుము పెనాలు, ఇత్తడి పాత్రలు తూకానికి దొరుకుతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయేవారి దగ్గర కొనడం ఒక ఎత్తు. పాత మహాబలిపురం రోడ్డు వెంబడి ఉన్న అపార్ట్‌మెంట్లలో ప్రతి నెలాఖరునా ఎవరో ఒకరు ఊరు మారుతూనే ఉంటారు. వారికి లాభం కంటే ఇల్లు ఖాళీ చేసే తేదీలోపు సామాను వదిలించుకోవడమే ముఖ్యం. పైగా వస్తువు వారి ఇంట్లో నడుస్తూ ఉండగానే చూడవచ్చు, కొన్న బిల్లు అడగవచ్చు, ఎందుకు అమ్ముతున్నారో తెలుసుకోవచ్చు. కనుక మీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోనూ, ఆఫీసు గ్రూపులోనూ మీకు ఏమి కావాలో ముందే తెలియజేయండి. చదువులు ముగిసే ఏప్రిల్, మే నెలలలో విద్యార్థుల మంచాలు, బల్లలు అమ్మకానికి వస్తాయి. భోగికి ముందు ఇళ్ళు శుభ్రం చేసుకునేవారు బయట పెట్టే సామాను జనవరిలో పాత సామాన్ల కొట్లకు చేరుతుంది.

చెక్క సామాను కొనేటప్పుడు పైన వేసిన పాలిష్‌ను పట్టించుకోకుండా అడుగుభాగాన్ని చూడాలి. సొరుగును పూర్తిగా బయటికి లాగి, వెనుక పలకను తట్టి, కాళ్ళ కింద వేలితో గీకి చూడండి. సన్నని రంధ్రాలూ, వాటి కింద పిండిలాంటి పొడీ కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉన్నట్లు. మట్టి దారులు కనిపిస్తే చెదలు పట్టినట్లు. ఆ రెంటిలో ఏది ఉన్నా, ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, ఎందుకంటే అది మీ ఇంట్లోని మిగతా చెక్కనూ పాడుచేస్తుంది. పార్టికల్ బోర్డుతో, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమిన పలకతో, చేసిన బీరువాలు ఒకసారి నీరు తాగితే ఉబ్బిపోతాయి, మళ్ళీ యథాస్థితికి రావు. చెన్నైలో ఇది ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. 2015 డిసెంబరు వరదలలోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలోనూ వేళచ్చేరి వంటి ప్రాంతాలలో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. కాళ్ళ దగ్గర ఒకే ఎత్తున చుట్టూ ఉన్న మరక, తుప్పు పట్టిన అడుగు మేకులు, ఫ్రిజ్ వెనుక కంప్రెసర్ అరలో ఎండిన బురద ఆ నీటి జాడలే. సముద్రపు గాలి సోకే బెసంట్ నగర్, తిరువాన్మియూర్ ఇళ్ళలో వాడిన ఇనుప బీరువాలకూ, ఏసీల బయటి యూనిట్లకూ తుప్పును మరింత శ్రద్ధగా చూడాలి.

కరెంటుతో నడిచే వస్తువును నడిపి చూడకుండా కొనకూడదు. ఫ్రిజ్‌ను మీరు వెళ్ళడానికి కొన్ని గంటల ముందే ఆన్ చేసి ఉంచమని చెప్పి, ఫ్రీజరులో మంచు గడ్డకట్టిందో లేదో చూడండి. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగినప్పుడు అది సులువుగా జారి వస్తే రబ్బరు అంచు పోయిందని అర్థం. కరెంటు వాడకాన్ని తెలిపే స్టార్ లేబుల్ మీద నక్షత్రాల సంఖ్యతో పాటు, అది ఏ సంవత్సరానిదో, ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతుందని రాసి ఉందో కూడా చదవాలి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తూ వస్తున్నందువల్ల పదేళ్ళ కిందటి ఐదు నక్షత్రాలు నేటి ఐదు నక్షత్రాలతో సమానం కావు. ఏడాదికి 200 యూనిట్లు ఎక్కువ వాడే ఫ్రిజ్‌కు, యూనిట్ 6 రూపాయలు అనుకుంటే, ఏటా 1,200 రూపాయలు అదనంగా కట్టాలి. అంటే ఐదేళ్ళకు 6,000. తమిళనాడులో రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో వాడకం పెరిగినకొద్దీ పై స్లాబు ధర పడుతుంది కనుక, ఈ లెక్కను వేయకుండా వదలకూడదు. ఇంటికి తెచ్చిన ఫ్రిజ్‌ను వెంటనే ఆన్ చేయకుండా కొన్ని గంటలు నిలువుగా ఉంచాలి.

వాషింగ్ మెషీను డ్రమ్మును చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే బేరింగు అరిగినట్లు. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు వాడిన ఇళ్ళలో లోపల తెల్లని ఉప్పు పొర పేరుకుని ఉంటుంది. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరు మాత్రం పాతది కొన్నా నష్టం లేని వస్తువు, ఎందుకంటే రాయి తొందరగా పాడవదు, బెల్టు మార్చడం పెద్ద ఖర్చు కాదు. నీళ్ళు పోసి కొద్దిసేపు తిప్పి, అడుగున కారడం లేదని చూసుకుంటే చాలు.

పాత ఫోను కొనేటప్పుడు అది దొంగిలించినది కాదని తెలుసుకోవడం మొదటి పని. ఫోనులో *#06# నొక్కితే ఆ ఫోనును గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనిపిస్తుంది. కె, వై, ఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్య రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే దాని వివరం తెలుస్తుంది. ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూడవచ్చు. అమ్మేవారు తమ ఖాతా నుండి బయటికి వచ్చి, మీ కళ్ళ ముందే ఫోనును రీసెట్ చేసిన తరువాతే డబ్బు ఇవ్వండి. రిచీ స్ట్రీట్‌లో కంపెనీలు వాడి వదిలిన ల్యాప్‌టాప్‌లు గట్టివే గానీ, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్ 8వ తరానిదో, ఆపైదో అయి ఉండాలి. అంతకంటే పాతదానికి ఎక్కువ ధర ఇవ్వకండి.

బట్టల విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. కుట్లు, జిప్పు, చంకల దగ్గరి రంగు వెలుతురులో చూసి, నూలు బట్టకు ప్రాధాన్యం ఇవ్వండి. ఇత్తడి పాత్రలకు లోపల కళాయి పూత అరిగి ఉంటే, మళ్ళీ పూయించే ఖర్చును ధరలో కలుపుకోవాలి. పోత ఇనుము పెనానికి పట్టిన తుప్పు తోమితే పోతుంది, పగులు మాత్రం పోదు. పరుపులు, హెల్మెట్లు, గ్యాస్ రెగ్యులేటర్లు, గొట్టాలు, పాత ప్రెషరు కుక్కర్లు ఎంత చవకగా వచ్చినా కొనకండి. దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగానే కనిపించవచ్చు, కానీ లోపలి పొర రెండోసారి తలను కాపాడదు.

బేరం మర్యాదగా సాగాలి. సంతలో కూర్చున్నవారు ఆ రోజు అమ్మకం మీదే బతుకుతారు. “అన్నా, కొంజం కొరచ్చి కుడుంగ” (అన్నా, కొంచెం తగ్గించి ఇవ్వండి) అని తమిళంలో అడిగితే చాలామంది తగ్గిస్తారు. మీరు కనిపెట్టిన లోపాన్ని చూపి, దాని మరమ్మతుకు ఎంత అవుతుందో చెప్పి అడగడం అన్నిటికంటే న్యాయమైన పద్ధతి. బోణీ వేళ ధర కుదిరిన తరువాత వెనక్కి తగ్గడం మంచిది కాదు. రెండు మూడు వస్తువులు ఒకరి దగ్గరే తీసుకుని, కుట్టి యానై అని ఇక్కడివారు పిలిచే చిన్న ట్రక్కును ఒకేసారి మాట్లాడుకుంటే రవాణా ఖర్చు కలిసివస్తుంది.

ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి కొనేటప్పుడు వస్తువును చేతితో తాకే వరకు ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు పంపకండి. సైనికోద్యోగినని, బదిలీ అయిందని చెప్పి తొందరపెట్టి డబ్బు లాగే మోసం చాలాకాలంగా సాగుతోంది. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయండి.

సామాను ఇంటికి చేరాక మంచాన్ని రెండు రోజులు మేడ మీద ఎండలో ఉంచి, నల్లులు దాగే అతుకులలో మరిగే నీళ్ళు పోసి, ఆరిన తరువాతే గదిలోకి తేవాలి. బట్టలను వేడినీళ్ళలో ఉతకాలి. కరెంటు వస్తువుల వైరును, మూడు పిన్నుల ప్లగ్గును ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. కొన్ని కొట్లలో నోటిమాటగా వారమో నెలో గ్యారంటీ ఇస్తారు కనుక, ఆ మాటను తేదీతో సహా చీటీ మీద రాయించుకుని, ఆ గడువు ముగిసేలోగానే వస్తువును రోజూ గట్టిగా వాడి చూడండి.